హెర్2 యాంటీబాడీ ట్రిపుల్ నెగటివ్ ట్యూమర్లలో కూడా రంగు చూపిస్తోంది, నమ్మొచ్చా?

పెట్రీడిష్:
అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, రొమ్ము క్యాన్సర్ మీద. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో మరీ ఎక్కువగా ఉండే హెర్2 అనే ప్రోటీన్ ట్యూమర్ కణంలో ఎక్కడెక్కడ ఉంటుందో చూడటం నా పని. మా ల్యాబ్‌లో ముందునుంచీ వాడుతున్న ఒక రాబిట్ పాలీక్లోనల్ యాంటీబాడీ (కుందేలు రక్తంలోంచి తీసిన, ఒక ప్రోటీన్‌ని పట్టుకునే యాంటీబాడీల మిశ్రమం) ఉంది, వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లని సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో వెతికే టెస్టులో) ఎస్‌కే-బీఆర్-3 అనే రొమ్ము క్యాన్సర్ కణాల లైసేట్ (కణాలు పగలగొట్టిన ద్రవం) వేస్తే 185 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర మంచి బ్యాండ్ వస్తుంది, దాంతోపాటు 70 దగ్గర ఇంకో బ్యాండ్ కూడా గట్టిగానే వస్తుంది, దాన్ని మా సీనియర్లు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు అదే యాంటీబాడీతో పారాఫిన్ సెక్షన్ల (మైనంలో పెట్టి పలచగా కోసిన టిష్యూ) మీద ఐహెచ్‌సీ (యాంటీబాడీ అంటుకున్న చోట గోధుమ రంగు తెప్పించే టెస్టు) చేశా. హెర్2 పాజిటివ్ కేసుల్లో మెంబ్రేన్ (కణం పైపొర) రంగు కనిపిస్తోంది కానీ సైటోప్లాజం (కణం లోపలి భాగం) కూడా మొత్తం గోధుమ రంగే. అసలు సమస్య ఏంటంటే హాస్పిటల్ రిపోర్ట్‌లో ట్రిపుల్ నెగటివ్ (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల రిసెప్టర్లు అంటే ఈఆర్, పీఆర్, వాటితోపాటు హెర్2, మూడూ లేనివి) అని ఉన్న కేసుల్లో కూడా సైటోప్లాజం అంతా గోధుమ రంగు వస్తోంది, మెంబ్రేన్ మాత్రం ఖాళీ. మా గైడ్ సార్ ఇది కొత్త ఫైండింగ్ అయ్యుండొచ్చు, ట్రిపుల్ నెగటివ్‌లో హెర్2 లోపల దాక్కుని ఉందేమో, పేపర్ రాద్దాం అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. ఎలా తేల్చుకోవాలి? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

స్లైడ్ మాస్టారు:
అమ్మా, నేను పాథాలజిస్టుని, ఇలాంటి స్లైడ్లు రోజూ చూస్తుంటా. ముందు ఒక మాట, క్లినిక్‌లో హెర్2 స్కోర్ ఇచ్చేటప్పుడు సైటోప్లాజం రంగుని మేం అసలు లెక్కలోకి తీసుకోం. హెర్2 కణం పైపొర మీద ఉండే రిసెప్టర్, కాబట్టి చూసేది మెంబ్రేన్ ఒక్కటే. 10 శాతం కంటే ఎక్కువ ట్యూమర్ కణాల్లో పొర చుట్టూ తెగకుండా, ముదురుగా రంగు ఉంటే 3+. చుట్టూ ఉంది కానీ పలచగానో మధ్యస్థంగానో ఉంటే 2+. లీలగా, అక్కడక్కడా తెగిపోయి ఉంటే 1+. అదీ లేకపోతే 0.

నీ స్లైడ్ మళ్ళీ మైక్రోస్కోప్ కింద పెట్టి ట్యూమర్‌ని వదిలేసి పక్కన ఉన్న మామూలు డక్టుల్ని చూడు. దాదాపు ప్రతి సెక్షన్‌లో ఎక్కడో ఒక మూల మామూలు రొమ్ము నాళాలు ఉంటాయి. వాటికి కూడా గోధుమ రంగు పట్టి ఉంటే ఆ రన్ చెల్లదు. మా దగ్గర ఐతే ఆ బ్యాచ్ మొత్తం మళ్ళీ చేయిస్తాం, ట్యూమర్ గురించి ఒక్క అక్షరం రాయం. ఇంకోటి, సెకండరీ యాంటీబాడీ (ప్రైమరీని పట్టుకుని రంగు తెప్పించేది) ఒక్కటే వేసి, ప్రైమరీ (హెర్2ని పట్టుకునేది) మానేసిన స్లైడ్ పెట్టావా? అది లేకుండా మిగతా చర్చ అనవసరం.

కృష్ణాతీరం:
నేను కొంచెం వేరే మాట చెప్తా, ఏమీ అనుకోవద్దు. ఆ యాంటీబాడీతో చాలా పేపర్లు వచ్చుంటాయి కదా, అన్నీ తప్పేనా? పైగా హెర్2కి పొట్టి రూపాలు ఉన్నాయి, పీ95 హెర్2 అంటారు, బయటి భాగం తెగిపోయి లోపలి భాగం మాత్రమే మిగులుతుంది. న్యూక్లియస్‌లో హెర్2 ఉందని కూడా పేపర్లు ఉన్నాయి. మెంబ్రేన్ మీద లేదు కాబట్టి అబద్ధం అని కొట్టిపారేస్తే కొత్త విషయాలు ఎప్పటికీ బయటికి రావు. గైడ్ అన్నదాంట్లో పాయింట్ ఉంది.

ఉప్సల చలి:
కృష్ణాతీరం గారూ, పేపర్లు ఎక్కువ ఉన్నాయి కాబట్టి యాంటీబాడీ మంచిది అనే లెక్క ప్రమాదం. దానికి క్యాన్సర్ రంగంలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది, కాస్త వివరంగా చెప్తా.

కీమో తీసుకునేవాళ్ళకి రక్తం తగ్గితే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఆ హార్మోన్‌కి రిసెప్టర్ ట్యూమర్ కణాల మీద కూడా ఉంటే మందే ట్యూమర్‌ని పెంచుతుందేమో అని భయం పుట్టింది. చాలా ల్యాబులు కొన్ని కమర్షియల్ యాంటీబాడీలతో ట్యూమర్లకి రంగు వేసి, ఉంది ఉంది అని పేపర్లు రాశాయి. 2006లో బ్లడ్ అనే జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది, అందులో ఆ యాంటీబాడీల్ని ఒక్కొక్కటిగా పరీక్షిస్తే అందరూ ఎక్కువగా వాడే సీ-20 అనేది 66 కిలోడాల్టన్ల దగ్గర చూపించే బ్యాండ్ అసలు ఆ రిసెప్టరే కాదు, హీట్ షాక్ ప్రోటీన్ అని తేలింది. అసలు రిసెప్టర్ 59 దగ్గర వస్తుంది. హీట్ షాక్ ప్రోటీన్లు ట్యూమర్లలో ఎలాగూ ఎక్కువే ఉంటాయి, కాబట్టి ట్యూమర్‌లో ముదురుగా, పక్కన పలచగా రంగు వస్తుంది, చూసేవాళ్ళకి అది అద్భుతమైన ఫలితంలా కనిపిస్తుంది. ఇక్కడే నాకు భయం వేసేది, తప్పు యాంటీబాడీ ఎప్పుడూ పిచ్చి పిచ్చి రంగు ఇవ్వదు, చాలాసార్లు నమ్మబుద్ధయ్యే రంగే ఇస్తుంది.

ఎందుకిలా అంటే యాంటీబాడీ ప్రోటీన్ మొత్తాన్ని చూడదు, దాని మీద ఓ చిన్న ముక్కని, అంటే కొన్ని అమైనో ఆమ్లాల భాగాన్ని మాత్రమే పట్టుకుంటుంది, దాన్నే ఎపిటోప్ అంటారు. మనిషి మొహం చూడకుండా పుట్టుమచ్చ ఒక్కటి చూసి గుర్తుపట్టడం లాంటిది, అలాంటి మచ్చే ఇంకొకరికి ఉంటే వాళ్ళనీ పట్టుకుంటుంది. వెస్టర్న్‌లో ప్రోటీన్‌ని ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ వేసి మరిగించి విప్పేస్తాం, ఐహెచ్‌సీలో ఫార్మలిన్‌తో బిగించేస్తాం, ఫ్లో సైటోమెట్రీలో (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు పంపి కొలిచే పద్ధతిలో) బతికున్న కణం మీద సహజ రూపంలో ఉంటుంది. ఒకే ప్రోటీన్ ఈ మూడు చోట్లా మూడు రకాలుగా కనిపిస్తుంది. అందుకే వెస్టర్న్‌లో పనిచేసిన యాంటీబాడీ ఐహెచ్‌సీలో కూడా పనిచేస్తుందని గ్యారంటీ లేదు, ఎక్కడ వాడుతున్నామో అక్కడే టెస్ట్ చేయాలి.

పీ95 సంగతి కూడా ఇదే కథ. బయటి భాగం తెగిపోయింది కాబట్టి ట్రాస్టుజుమాబ్ (హెర్2ని పట్టుకునే మందు, అదీ ఒక యాంటీబాడీయే) లాంటి బయటి భాగాన్ని పట్టుకునేవాటికి అది కనపడదు, 4బీ5, సీబీ11 లాంటి యాంటీబాడీలు లోపలి భాగాన్ని పట్టుకుంటాయి కాబట్టి వాటికి కనపడుతుంది. పెట్రీడిష్, నీ యాంటీబాడీ ఏ భాగం మీద తయారు చేశారో డేటాషీట్‌లో ఉందా?

పెట్రీడిష్:
థాంక్స్ మాస్టారూ, థాంక్స్ అన్నా. మామూలు డక్టులు చూశా, వాటిల్లో కూడా పలచగా గోధుమ రంగు ఉంది. సెకండరీ మాత్రమే వేసిన స్లైడ్ క్లీన్‌గా ఉంది, ఏ రంగూ లేదు. డేటాషీట్‌లో హ్యూమన్ హెర్2 నుంచి తీసుకున్న సింథటిక్ పెప్టైడ్ (ల్యాబ్‌లో చేసిన ప్రోటీన్ చిన్న ముక్క) అని మాత్రం రాశారు, ఎక్కడిదో చెప్పలేదు, మెయిల్ పెడితే అది కంపెనీ రహస్యం అన్నారు. కానీ ఆ పెప్టైడ్ వాళ్ళే అమ్ముతారు, దాంతో బ్లాకింగ్ చేసి చూశా, రంగు మొత్తం పోయింది. అంటే స్పెసిఫిక్ అనే కదా? గైడ్ సార్ కూడా ఇదే చూపిస్తున్నారు.

ఉప్సల చలి:
లేదు తమ్ముడూ (చెల్లివైతే క్షమించు), పెప్టైడ్ బ్లాకింగ్ అది చెప్పలేదు. ఆలోచించు, యాంటీబాడీ చేతుల్ని పెప్టైడ్‌తో నింపేశావు, ఇంక అది హెర్2నీ పట్టుకోలేదు, హెర్2 అనుకుని పట్టుకునే వేరే ప్రోటీన్‌నీ పట్టుకోలేదు. రెండు రంగులూ పోతాయి. యాంటీబాడీకి ఆ పెప్టైడ్ అంటే ఇష్టం అని తెలిసింది, అంతే. సెకండరీ స్లైడ్ క్లీన్‌గా ఉంది కాబట్టి రంగు ప్రైమరీ వల్లే వస్తోందని ఖాయమైంది, అది ఉపయోగపడే విషయమే.

తేల్చాల్సింది ఒక్కటే. హెర్2 లేని చోట రంగు పోతోందా లేదా.

ఎస్‌కే-బీఆర్-3లో క్రిస్పర్‌తో (జన్యువుని కత్తిరించే పద్ధతితో) హెర్2 పూర్తిగా తీసేయడం కష్టం, ఆ కణాలు దాని మీదే ఆధారపడి బతుకుతాయి. అందుకని ఎస్ఐఆర్ఎన్ఏతో (జన్యువు నుంచి వచ్చే ఆర్ఎన్ఏ మెసేజ్‌ని నాశనం చేసే చిన్న ఆర్ఎన్ఏతో) తగ్గించు. రెండు వేర్వేరు ఎస్ఐఆర్ఎన్ఏలు, పోలికకి ఏ జన్యువునీ తగ్గించని ఒక స్క్రాంబుల్ కంట్రోల్, 72 గంటలు ఆగు, ఎందుకంటే మెసేజ్ తగ్గినా అప్పటికే తయారైన ప్రోటీన్ అరగడానికి టైం పడుతుంది. 185 బ్యాండ్ తగ్గి 70 బ్యాండ్ తగ్గకపోతే ఆ 70ది హెర్2 కాదని అర్థం. దాంతోపాటు వేరే కంపెనీది, హెర్2లో వేరే భాగాన్ని పట్టుకునే ఇంకో యాంటీబాడీతో అదే బ్లాట్ మళ్ళీ చెయ్యి. ఆర్ఎన్ఏ లెవెల్స్‌తో కూడా పోల్చు. 2016లో నేచర్ మెథడ్స్‌లో ఊలెన్ వాళ్ళు యాంటీబాడీ పరీక్షకి ఐదు దార్లు చెప్పారు, జన్యువుని తగ్గించి చూడటం, యాంటీబాడీ అవసరం లేని పద్ధతితో పోల్చడం, రెండో యాంటీబాడీ, ట్యాగ్ వేసిన ప్రోటీన్, పట్టుకున్నదాన్ని మాస్ స్పెక్‌లో (ప్రోటీన్ ఏదో గుర్తించే యంత్రంలో) చూడటం. అన్నీ చేయక్కర్లేదు, నీ ల్యాబ్‌లో మొదటి మూడూ అయ్యేవే.

వెస్టర్న్ లేన్లలో ఈ రొమ్ము క్యాన్సర్ కణాలు వేస్తే బాగుంటుంది: ఎస్‌కే-బీఆర్-3, బీటీ-474 (రెండూ హెర్2 బాగా ఉన్నవి), ఎంసీఎఫ్-7 (కొంచెం), ఎండీఏ-ఎంబీ-231 (దాదాపు లేదు). 185 పెద్ద ప్రోటీన్ కాబట్టి 7.5 శాతం జెల్, కోల్డ్ రూమ్‌లో రాత్రంతా వెట్ ట్రాన్స్‌ఫర్, బఫర్‌లో మిథనాల్ తగ్గించు.

గ్రాసింగ్ టేబుల్:
నేను హిస్టోపాథ్ టెక్నీషియన్‌ని, పెద్ద పెద్ద సైన్స్ మాటలు నాకు రావు కానీ స్లైడ్ ఎక్కడ చెడుతుందో నాకు తెలుసు, అది చెప్తా. యాంటీబాడీని తిట్టేముందు ముక్క మా టేబుల్ దాకా ఎలా వచ్చిందో అడగండి. జిల్లాల నుంచి వచ్చే మాస్టెక్టమీ (ఆపరేషన్‌లో తీసేసిన రొమ్ము) స్పెసిమెన్లు చాలావాటిని కోయకుండా మొత్తంగా చిన్న డబ్బాలో కుక్కి, పైన కాస్త ఫార్మలిన్ పోసి పంపిస్తారు. ఫార్మలిన్ గంటకి సుమారు ఒక మిల్లీమీటర్ మాత్రమే లోపలికి వెళ్తుంది. పైన ఫిక్స్ అయి లోపల గడ్డ కుళ్ళిపోయి ఉంటుంది, అందులోంచి తీసిన సెక్షన్‌కి ఏ యాంటీబాడీ వేసినా మురికి రంగే. గడ్డ తీసిన గంటలోపు, కోసి, ముక్కకి పది రెట్లు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి, 6 గంటలకి తగ్గకుండా 72 గంటలకి మించకుండా ఉంచాలి. హెర్2కీ ఈఆర్, పీఆర్‌లకీ ఇదే రూల్.

మీరు చేయాల్సిన ఇంకో పని, కణాల బ్లాక్ తయారు చేసుకోండి. ఎండీఏ-ఎంబీ-231, ఎస్‌కే-బీఆర్-3 రెండూ పెద్ద ఫ్లాస్కుల్లో పెంచి, స్క్రేపర్‌తో తీసి, స్పిన్ చేసి, ఆ పెల్లెట్‌ని ఫార్మలిన్‌లో పెట్టి తర్వాత 2 శాతం అగర్‌లో గడ్డకట్టించి మామూలు టిష్యూ లాగే ప్రాసెస్ చేసి పారాఫిన్‌లో పోయండి. అగర్ కుదరకపోతే సైటాలజీ వాళ్ళు చేసే ప్లాస్మా త్రాంబిన్ పద్ధతి కూడా బాగుంటుంది. ఆ బ్లాక్ సెక్షన్లు మీ పేషెంట్ సెక్షన్ పక్కనే, అదే స్లైడ్ మీద అతికించండి. అప్పుడు రిట్రీవల్ (ఫార్మలిన్ బిగించిన ప్రోటీన్‌ని వేడితో బయటపెట్టడం), డాబ్ (గోధుమ రంగు ఇచ్చే రసాయనం) టైం అన్నీ ఒకటే కాబట్టి వంక పెట్టడానికి ఉండదు. హెర్సెప్‌టెస్ట్ అనే హెర్2 టెస్ట్ కిట్‌లో వచ్చే కంట్రోల్ స్లైడ్‌లో కూడా ఇవే ఉంటాయి, 0కి ఎండీఏ-231, 1+కి ఎండీఏ-175, 3+కి ఎస్‌కే-బీఆర్-3.

రంగు తెప్పించడానికి మీరు వాడేది అవిడిన్ బయోటిన్ కిట్టా పాలిమర్ కిట్టా? బయోటిన్ కిట్ ఐతే టిష్యూలో సహజంగా ఉండే బయోటిన్ అనే విటమిన్ కూడా రంగు ఇస్తుంది, లివర్, కిడ్నీల్లో మరీ ఎక్కువ, వేడి రిట్రీవల్ చేస్తే ఇంకా బయటపడుతుంది. టిష్యూలోని సొంత ఎంజైమ్ రంగు ఇవ్వకుండా హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో బ్లాక్ చేశారా?

పెట్రీడిష్:
పాలిమర్ కిట్టే అన్నా, పెరాక్సైడ్ 3 శాతం పెట్టా. కణాల బ్లాక్ ఐడియా చాలా బాగుంది, ఈ వారమే మొదలుపెడతా. నేను చెల్లినే ఉప్సల అన్నా, పర్లేదు.

నల్గొండ అమ్మాయి:
మీ అందరి మధ్యలో అడగొచ్చో లేదో తెలీదు. మా అమ్మకి రొమ్ములో గడ్డ, బయాప్సీ చేశారు, రిపోర్ట్‌లో ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 2+ ఈక్వివోకల్ అని రాశారు. డాక్టర్ ఇంకో టెస్ట్ రాశారు, ఫిష్ అంట, దానికి మళ్ళీ డబ్బులు. ఇంట్లో వాళ్ళు ఒకసారి టెస్ట్ చేశారు కదా మళ్ళీ ఎందుకు అంటున్నారు. ఇక్కడ చదివితే యాంటీబాడీలు నమ్మకూడదు అన్నట్టు ఉంది, నాకు భయం వేస్తోంది. అమ్మ రిపోర్ట్ కూడా తప్పై ఉంటుందా?

స్లైడ్ మాస్టారు:
భయపడకు తల్లీ, అడిగి మంచి పని చేశావు. ఇక్కడ చర్చ రీసెర్చ్ ల్యాబులో వాడే, ఎవరూ సరిగ్గా పరీక్షించని యాంటీబాడీ గురించి. అమ్మకి చేసిన టెస్టులో సాధారణంగా వాడేవి ఏళ్ళ తరబడి వేల కేసుల్లో పరీక్షించినవి, వాటితో పాటు ప్రతి రన్‌లో కంట్రోల్ స్లైడ్లు ఉంటాయి. రెండిటినీ కలిపి చూడకు.

2+ అంటే రిపోర్ట్ తప్పని కాదు. రంగు చూసి అవును కాదు అని చెప్పలేని మధ్య మెట్టు అది, అందుకే ఈక్వివోకల్ అని రాస్తారు. అలాంటప్పుడు ప్రోటీన్‌ని వదిలేసి జన్యువునే లెక్కపెడతారు, ఫిష్ అంటే అదే. హెర్2 జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. జన్యువుకి ఒక రంగు, ఆ క్రోమోజోమ్ సెంట్రోమియర్‌కి (నడుము భాగానికి) ఇంకో రంగు వేసి కణాల్లో చుక్కలు లెక్కపెడతారు. రెండిటి నిష్పత్తి 2 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, ఒక్కో కణానికి సగటున 4 లేదా ఎక్కువ హెర్2 చుక్కలు ఉంటే పాజిటివ్. పాజిటివ్ ఐతే ట్రాస్టుజుమాబ్ లాంటి మందు అమ్మకి పనికొస్తుంది, నెగటివ్ ఐతే ఆ ఖరీదైన మందు అనవసరంగా ఇవ్వకుండా ఆగుతారు. మందు కోర్సు ఖర్చుతో పోలిస్తే ఈ టెస్ట్ ఖర్చు చాలా తక్కువ, ఇంట్లో వాళ్ళకి ఆ లెక్క చెప్పు. ఫిష్‌కి మళ్ళీ సూది గుచ్చక్కర్లేదు, ఉన్న బ్లాక్ నుంచే చేస్తారు. బ్లాక్ మీ దగ్గరే ఉంటే జాగ్రత్తగా పెట్టుకో, ఎండలో కారులో వదిలేయొద్దు, మైనం కరుగుతుంది.

ఇంకో విషయం, 2022లో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందు ట్రయల్ ఫలితాలు వచ్చాక 1+, లేదా 2+ ఉండి ఫిష్ నెగటివ్ ఐనవాళ్ళని 'హెర్2-లో' (low, అంటే హెర్2 తక్కువగా ఉన్నవాళ్ళు) అని వేరుగా చూస్తున్నారు. అది వ్యాధి ముదిరి వేరే చోట్లకి పాకినవాళ్ళకి, అమ్మకి ఇప్పుడు దాని అవసరం ఉండకపోవచ్చు, మీ ఆంకాలజిస్ట్‌ని అడుగు. కానీ అందుకే 0కీ 1+కీ మధ్య తేడా ఇప్పుడు మాకు కూడా చాలా ముఖ్యమైపోయింది, ఆ తేడా కంటితో చెప్పడం ఎంత కష్టమో చేసేవాళ్ళకే తెలుసు. మామూలు కణం మీద హెర్2 అణువులు ఇరవై వేల దాకా ఉంటే 3+ కణం మీద ఇరవై లక్షల దాకా ఉంటాయంటారు, టెస్ట్ మొదట తయారైంది ఆ ఇరవై లక్షల అణువులున్న ట్యూమర్లని పట్టుకోడానికి.

బయోకెమ్ అక్క:
నల్గొండ అమ్మాయికి ఇంకొంచెం కలుపుతా, నేను రక్త పరీక్షల వైపు ఉంటా. సీఏ-125, సీఈఏ, సీఏ 15-3, క్యాన్సర్ మార్కర్లుగా చూసే ఇవన్నీ కూడా యాంటీబాడీ టెస్టులే, టిష్యూ బదులు రక్తంలో వెతుకుతాం. సీఈఏని 1965లో మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ కనిపెట్టారు, అప్పుడు పేగు క్యాన్సర్‌ని రక్తంతోనే పట్టేయొచ్చని చాలా ఆశపడ్డారు, తర్వాత చూస్తే పొగ తాగేవాళ్ళలోనూ పెరుగుతుంది, లివర్ జబ్బుల్లోనూ పెరుగుతుంది. ఇక్కడ యాంటీబాడీ తప్పేం లేదు, అది సీఈఏనే సరిగ్గా పట్టుకుంటోంది, కానీ ఆ ప్రోటీన్ క్యాన్సర్ ఒక్కదానికే సొంతం కాదు.

మన దగ్గర దీని వల్ల నిజంగా ఇబ్బంది పడేది సీఏ-125తో. కడుపులో నీరు చేరి, సీఏ-125 బాగా పెరిగి, స్కాన్‌లో గడ్డలా కనిపిస్తే అండాశయ క్యాన్సర్ అని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి, బయాప్సీ చేస్తే పొట్టలో టీబీ అని తేలుతుంది, ఆరు నెలల మందులతో మనిషి లేచి తిరుగుతుంది. ఎండోమెట్రియోసిస్‌లోనూ పెరుగుతుంది. అందుకే నంబర్ చూసి ఎవరూ క్యాన్సర్ అని తేల్చేసుకోవద్దు, ముక్క తీసి చూడాల్సిందే.

రీసెర్చ్ వాళ్ళకి ఒక కథ, టొరంటోలో ఒక ల్యాబ్ పాంక్రియాస్ క్యాన్సర్‌కి సీయూజడ్‌డీ1 అనే ప్రోటీన్ మార్కర్ అవుతుందని కమర్షియల్ ఎలీసా కిట్‌తో (యాంటీబాడీతో ప్రోటీన్‌ని కొలిచే కిట్‌తో) వేల శాంపిళ్ళ మీద పనిచేసింది, రెండేళ్ళు, ఐదు లక్షల డాలర్లు పోయాక తెలిసింది ఆ కిట్‌లో యాంటీబాడీ పట్టుకుంటున్నది సీఏ-125ని అని! ఆ విషయం వాళ్ళే 2014లో పేపర్ రాసి అందరికీ చెప్పారు. వాళ్ళ మీద నాకు చాలా గౌరవం, అలా చెప్పేవాళ్ళు తక్కువ.

ఇంకో మాట, జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు రక్త పరీక్షకి ముందు ల్యాబ్‌లో చెప్పండి. చాలా మెషిన్లలో పట్టుకోడానికి బయోటిన్, స్ట్రెప్టావిడిన్ జోడీ వాడతారు, రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే కొన్ని టెస్టులు తప్పుగా తక్కువ, కొన్ని తప్పుగా ఎక్కువ చూపిస్తాయి. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది.

నల్గొండ అమ్మాయి:
చాలా థాంక్స్ మాస్టారు గారూ, అక్కా. అమ్మకి సీఏ 15-3 నార్మల్ వచ్చింది, మా మామయ్య ఐతే ఇంక క్యాన్సర్ లేనట్టే అన్నారు. అదీ తప్పేనా?

బయోకెమ్ అక్క:
అవునమ్మా, అది నమ్మి ట్రీట్‌మెంట్ ఆపొద్దు. మొదటి దశల్లో చాలామందికి సీఏ 15-3 నార్మల్‌గానే ఉంటుంది. వ్యాధి ముదిరినవాళ్ళలో మందు పనిచేస్తోందా లేదా అని గమనించడానికి దాన్ని వాడతారు. బయాప్సీలో వచ్చిందే అసలు మాట. మామయ్యగారికి మెల్లగా చెప్పు, ఫిష్ చేయించండి.

కృష్ణాతీరం:
ఎరిత్రోపోయిటిన్ కథ నాకు తెలీదు, ఆ పేపర్ చదివా, నిజమే. కానీ ఒక ప్రాక్టికల్ బాధ చెప్తా. మంచి రికాంబినెంట్ యాంటీబాడీ (జన్యువు నుంచి ల్యాబ్‌లో ఎప్పుడూ ఒకేలా తయారు చేసేది) వంద మైక్రోలీటర్లు కొనాలంటే నలభై యాభై వేలు అవుతుంది, ఆర్డర్ పెట్టాక రావడానికి వారాలు, దార్లో ఐస్ కరిగిపోయి వచ్చిన పార్సిళ్ళు కూడా చూశాం, కంపెనీని అడిగితే ఏమీ కాదు వాడండి అంటారు. ఇక్కడ స్టూడెంట్ ఫ్రీజర్‌లో ఉన్నది వాడతాడు, వేరే దారి ఏముంది? స్వీడన్‌లో కూర్చుని రెండో యాంటీబాడీ కొను అనడం తేలిక.

ఉప్సల చలి:
మీ బాధ న్యాయమైనది. నేను కూడా ఇక్కడికి రాకముందు అదే ఫ్రీజర్ ముందు నిలబడ్డవాడినే. డబ్బు తక్కువున్న ల్యాబుకే ఇది ఇంకా ముఖ్యం అని నా అభిప్రాయం, ఎందుకంటే తప్పు యాంటీబాడీతో రెండేళ్ళు పోతే తిరిగి మొదలుపెట్టడానికి వాళ్ళ దగ్గర గ్రాంటు మిగలదు.

డబ్బు ఖర్చు లేకుండా చేయగలిగేవి కొన్ని ఉన్నాయి. మాంట్రియల్‌లో వైచారోస్ అనే గ్రూప్ కంపెనీలతో కలిసి ఒక్కో ప్రోటీన్‌కి మార్కెట్‌లో ఉన్న యాంటీబాడీలన్నిటినీ జన్యువు తీసేసిన కణాల మీద పరీక్షించి రిపోర్టులు ఉచితంగా పెడుతోంది. నరాల జబ్బులకి సంబంధించిన 65 ప్రోటీన్లకి 614 యాంటీబాడీలు చూస్తే సగానికి పైగా ఏదో ఒక పద్ధతిలో ఫెయిలయ్యాయి, రికాంబినెంట్లు మిగతావాటికంటే బాగా నిలబడ్డాయి. ఇంకా బాధ ఏంటంటే సగటున ఒక్కో ప్రోటీన్‌కి పన్నెండు పేపర్లు ఆ ఫెయిలైన యాంటీబాడీల డేటాతో వచ్చాయి. మంచి విషయం ఏంటంటే ఆ రిపోర్టులు చూసి కంపెనీలు ఫెయిలైనవాటిలో కొన్నిటిని అమ్మకం నుంచి తీసేశాయి, చాలావాటికి ఎక్కడ వాడొచ్చో సూచనలు మార్చాయి. హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్ కూడా ఉచితమే, ఒకే ప్రోటీన్‌కి రెండు మూడు యాంటీబాడీల ఐహెచ్‌సీ బొమ్మలు పక్కపక్కన పెడతారు, అవి ఒకదానితో ఒకటి కలవకపోతే అక్కడే అనుమానం మొదలవ్వాలి.

ఈఆర్ బీటా (ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌లో ఇంకో రకం) సంగతి కూడా చూడండి, 2017లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చింది. 13 యాంటీబాడీలు పరీక్షిస్తే ఒక్కటే సరిగ్గా పనిచేసింది, దాంతో చూస్తే మామూలు రొమ్ములో గానీ రొమ్ము క్యాన్సర్‌లో గానీ ఆ ప్రోటీన్ కనపడలేదు. అంతకుముందు ఇరవై ఏళ్ళు దాని మీద ఎంతమంది థీసిస్‌లు రాసుంటారో ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది.

కొనేటప్పుడు రెండు మూడు ల్యాబులు కలిసి ఒక వయల్ కొని పంచుకోవచ్చు, కేటలాగ్ నంబర్, లాట్ నంబర్, ఆర్ఆర్ఐడీ (యాంటీబాడీకి ఇచ్చే గుర్తింపు నంబర్) రాసుకోండి. పాలీక్లోనల్ ఐతే లాట్ మారితే వేరే కుందేలు నుంచి వచ్చిన సీరం, అంటే కొత్త యాంటీబాడీ కిందే లెక్క, మళ్ళీ పరీక్షించాలి.

స్లైడ్ మాస్టారు:
ఒక చిన్న సవరణ, పాలీక్లోనల్ అనగానే చెడ్డది అనుకోకండి. 1998 సెప్టెంబర్‌లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్‌కి అనుమతి వచ్చినప్పుడు దాంతోపాటే అనుమతి పొందిన హెర్సెప్‌టెస్ట్‌లో వాడింది కూడా రాబిట్ పాలీక్లోనలే. ఎంత పరీక్షించారు, ప్రతి లాట్‌నీ ఎంత కట్టుదిట్టంగా చూస్తున్నారు అనేదే తేడా. 1987లో స్లామన్ వాళ్ళు 189 ట్యూమర్లలో చూసి దాదాపు 30 శాతంలో ఈ జన్యువు ఎక్కువ కాపీలుగా ఉందనీ, వాళ్ళకి వ్యాధి త్వరగా తిరగబెడుతోందనీ చెప్పారు. మందు పనిచేసేది వాళ్ళకే, కాబట్టి వాళ్ళని వేరుచేసే టెస్ట్ లేకపోతే మందు ఉన్నా లేనట్టే. నేను చదువుకునే రోజుల్లో హెర్2 పాజిటివ్ అంటే చెడు వార్త, ఇప్పుడు అదే మాట విని ఆంకాలజిస్టులు మందు ఉంది అని ధైర్యం చెప్తున్నారు.

పెట్రీడిష్:
అందరికీ అప్‌డేట్. ఎస్ఐఆర్ఎన్ఏ రెండూ వేశా, రెండిట్లోనూ 185 బ్యాండ్ బాగా తగ్గింది, 70 బ్యాండ్ అస్సలు కదల్లేదు. ఎండీఏ-ఎంబీ-231 లేన్‌లో 185 లేదు కానీ 70 ఎస్‌కే-బీఆర్-3లో ఉన్నంతే ఉంది. పక్క ల్యాబ్ వాళ్ళ దగ్గర లోపలి భాగాన్ని పట్టుకునే రాబిట్ మోనోక్లోనల్ (ఒకే ఎపిటోప్‌ని పట్టుకునే యాంటీబాడీ) అడిగి తెచ్చుకున్నా, దాంతో చేస్తే 185 ఒక్కటే, 70 లేదు.

కణాల బ్లాక్ కూడా అయ్యింది, గ్రాసింగ్ టేబుల్ అన్న చెప్పినట్టే అగర్‌తో. పాత యాంటీబాడీ వేస్తే 231 కణాలు సైటోప్లాజం అంతా గోధుమ రంగు, కొత్తదానితో 231 ఖాళీ, ఎస్‌కే-బీఆర్-3 మెంబ్రేన్ చుట్టూ గీత గీసినట్టు వచ్చింది. ఆ తేడా మైక్రోస్కోప్‌లో చూసినప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. గైడ్ సార్‌కి రెండు స్లైడ్లూ చూపించా, ఆయన చాలాసేపు చూసి పేపర్ ఆపేద్దాం, ట్రిపుల్ నెగటివ్ కేసులన్నీ కొత్తదానితో మళ్ళీ చెయ్యి అన్నారు.

కృష్ణాతీరం:
చాలా శుభ్రమైన డేటా. పీ95 గురించి నేను అడిగిన ప్రశ్నకి కూడా జవాబు వచ్చేసింది, 70ది హెర్2 ముక్కే ఐతే ఎస్ఐఆర్ఎన్ఏకి తగ్గాలి, లోపలి భాగాన్ని పట్టుకునే రెండోదానికి కూడా కనపడాలి, రెండూ జరగలేదు. ఇంతకీ ఆ 70ది ఏంటో చూస్తావా?

ఉప్సల చలి:
శభాష్ చెల్లీ. తెలుసుకోవాలంటే పాత యాంటీబాడీతో ఇమ్యునోప్రెసిపిటేషన్ చేసి (అది పట్టుకున్న ప్రోటీన్‌ని వేరుచేసి) మాస్ స్పెక్‌కి పంపు, కానీ థీసిస్‌కి అది అవసరం లేదు, టైం ఉంటేనే. అంతకంటే ముందు ఈ బ్లాట్లన్నీ కత్తిరించకుండా మొత్తం మెంబ్రేన్ బొమ్మలతో ఒక ప్రీప్రింట్‌గానో డేటా రిపోర్ట్‌గానో పెట్టు, కేటలాగ్ నంబర్, లాట్ నంబర్‌తో సహా. ఆ యాంటీబాడీ ఇంకా ఎన్ని ఫ్రీజర్లలో ఉందో. కంపెనీకి కూడా పంపు. కణాలు ఎక్కడినుంచి తెచ్చుకున్నావు, ఎస్‌టీఆర్ (కణాలు అసలువేనా అని చూసే డీఎన్ఏ పరీక్ష) చేయించావా? ఎండీఏ-ఎంబీ-435ని ఏళ్ళ తరబడి రొమ్ము క్యాన్సర్ కణాలని వాడారు, తీరా చూస్తే ఎం14 అనే మెలనోమా లైన్.

పెట్రీడిష్:
పుణెలో కణాల భాండారం ఉన్న ఎన్‌సీసీఎస్ సంస్థ నుంచి తెచ్చినవి అన్నా, ఎస్‌టీఆర్‌కి పంపుతా. కంపెనీకి మెయిల్ పెట్టా, ఇంకా రిప్లై లేదు. చివరి డౌట్, ట్రిపుల్ నెగటివ్ కేసుల సెక్షన్లు మా దగ్గర పోయినేడు కోసి పెట్టినవి స్లైడ్ బాక్స్‌లో చాలా ఉన్నాయి, కొత్త యాంటీబాడీకి అవే వాడుకోవచ్చా? మళ్ళీ బ్లాకులు అడగాలంటే హాస్పిటల్‌లో పర్మిషన్లు.

గ్రాసింగ్ టేబుల్:
వద్దమ్మా. కోసిన సెక్షన్ గాలికి, తేమకి ఉంటే యాంటిజెన్ (యాంటీబాడీ పట్టుకునే ప్రోటీన్) తగ్గిపోతుంది, హెర్2కి ఆరు వారాలు దాటినవి వాడకూడదు. ఇప్పుడు పాతవాటిలో ఖాళీగా వస్తే అది నిజంగా నెగటివా, స్లైడ్ పాతబడి రంగు రాలేదా అని మళ్ళీ మొదటికొస్తావు. బ్లాకులు అడుగు, నాలుగు మైక్రాన్లు కోయించు, చార్జ్డ్ స్లైడ్ మీద ఎక్కించు, నీ కణాల బ్లాక్ సెక్షన్ పక్కన పెట్టు, ఆ వారంలోనే రన్ చేసెయ్. బ్లాక్ తెచ్చాక పైన మొదటి రెండు మూడు సెక్షన్లు పారేసి ఆ తర్వాతవి తీసుకో.

నల్గొండ అమ్మాయి:
ఫిష్‌కి బ్లాక్ ఇచ్చేశాం మాస్టారూ. మామయ్యే తీసుకెళ్ళారు.

స్లైడ్ మాస్టారు:
మంచిదమ్మా. రిపోర్ట్ వచ్చాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టు, నిష్పత్తి, సగటు కాపీలు రెండు అంకెలూ ఉన్నాయో లేదో చూసి చెప్తా.